కరెంటు లేని చోట వెలుగు, వేడి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచి చెట్టుకొమ్మ తీగల మీద పడిందంటే హైదరాబాదు శివార్లలో కరెంటు మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పడం కష్టం. అసలు కరెంటు స్తంభమే చేరని తోటగదులు, కొత్త వెంచర్లు నగరం చుట్టూ ఇంకా చాలానే ఉన్నాయి. ఇంట్లోనే చేసుకోగల దీపాలు, పొయ్యిలు, సోలారు ఏర్పాట్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చే వాటిని ఏరి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. వీటిలో చాలా ఉత్తరాలకు ఒకే చిక్కు ఉంది. దీపానికీ, నీళ్ళు కాచుకోవడానికీ ఒకే బ్యాటరీ సరిపోతుందని రాసినవారు అనుకుంటున్నారు. దీపం అడిగేది చిటికెడు శక్తి, వేడి అడిగేది గంపెడు. ఈ రెంటినీ విడదీసి ఆలోచిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రశ్న: యాచారం దగ్గర మాకు రెండెకరాల మామిడితోట ఉంది. కరెంటు స్తంభాలు కిలోమీటరు దూరంలోనే ఆగిపోయాయి. కాపలా ఉండే భార్యాభర్తల గదికి మూడు బల్బులు, ఒక ఫ్యాను, రెండు ఫోన్లు, ఒక చిన్న టీవీ నడిస్తే చాలు. దుకాణంలో 540 వాట్ల ప్యానెల్ ఒకటి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగును అదుపు చేసే చౌక కంట్రోలర్ ఒకటి తీసుకోమంటున్నారు. అది సరిపోతుందా? నేనే బిగించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

జవాబు: బిగించుకోవచ్చు. అయితే ముందు కాగితం మీద లెక్క వేసుకుని, ఆ తరువాతే దుకాణానికి వెళ్ళండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు రాత్రికి 5 గంటలు వెలిగితే 135 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). చిన్న ఎల్‌ఈడీ టీవీ 40 వాట్ల చొప్పున 3 గంటలకు 120. ఫోన్లు రెండింటికీ కలిపి 30. ఇక మిగిలింది ఫ్యాను, అసలు కథ దానిదే. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది కాబట్టి పది గంటలకు 750 అవుతుంది. బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతోనే అంత గాలీ ఇస్తుంది కాబట్టి 300 తో సరిపోతుంది. అంటే ఫ్యాను మార్చినంత మాత్రాన మీ మొత్తం అవసరం వెయ్యి దాటిన చోటు నుంచి 600 లోపుకు దిగుతుంది. పెద్ద బ్యాటరీ కొనే ముందు ఫ్యాను మార్చమని మేము చెప్పేది ఇందుకే.

ఈ 600 మీ చేతికి అందాలంటే ప్యానెల్ అంతకంటే ఎక్కువే పుట్టించాలి. బ్యాటరీలోకి ఎక్కించి దించడంలో కొంత, 12 వోల్టులను ఇన్వర్టర్ 230 వోల్టులుగా మార్చడంలో కొంత, తీగల్లో మరికొంత పోతుంది కాబట్టి 900 లెక్కన చూసుకోవాలి. హైదరాబాదు ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు 5 గంటల నిండు ఎండకు సమానమైన శక్తి పడుతుంది. దుమ్మునూ, ప్యానెల్ వేడినీ తీసేసి 4 గంటలే నమ్ముకుందాం. దాని ప్రకారం 225 వాట్లు చాలు కానీ జూలై, ఆగస్టు ముసుర్లను దృష్టిలో పెట్టుకుంటే 300 నుంచి 350 వాట్లు ఉండటం క్షేమం. మే నెలలో ఎండ మండిపోతుంది కాబట్టి అప్పుడే కరెంటు అన్నిటికంటే ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు గాని వేడి కాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి దాని సామర్థ్యం దాదాపు 0.4 శాతం తగ్గుతుంది; మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు అక్కడే పోయినట్లు. అందుకే ప్యానెల్‌ను రేకులకు ఆనించి పడుకోబెట్టకుండా కింద గాలి ఆడేలా జానెడు ఎత్తులో, దక్షిణం వైపుకు 17 నుంచి 20 డిగ్రీల వాలుతో బిగించాలి.

దుకాణంవారి సలహాలో మాకు నచ్చనిది 540 వాట్ల ప్యానెల్‌కు చౌక కంట్రోలర్ జత చేయడం. ఆ పెద్ద ప్యానెల్ సుమారు 40 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యుఎం అనే చౌకరకం కంట్రోలర్ ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది కాబట్టి మీకు దక్కేది 13 వోల్టులు, 13 ఆంపియర్లు, అంటే 170 వాట్లు. డబ్బు 540 వాట్లకు కట్టి మూడో వంతు కంటే తక్కువ వాడుకున్నట్లవుతుంది. ఆ ప్యానెలే కావాలంటే, ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగినట్లు మార్చి శక్తి పోకుండా అందించే ఎంపీపీటీ రకం కంట్రోలర్ కొనాలి, అందులో ఛార్జింగు కరెంటును 20 ఆంపియర్లకు కట్టడి చేసుకోవాలి. లేకపోతే 150 ఏహెచ్ ట్యూబులర్ రకం లెడ్-యాసిడ్ బ్యాటరీకి 40 ఆంపియర్లు ఎక్కి అది వేడెక్కి పాడవుతుంది. అంతకంటే సులువైన దారి, 36 గడులుండే 12 వోల్టుల ప్యానెళ్ళు, ఒక్కొక్కటి 160 వాట్ల చుట్టూ ఉండేవి రెండు తీసుకుని, ప్లస్సును ప్లస్సుతో, మైనస్సును మైనస్సుతో కలిపి 30 ఆంపియర్ల మామూలు కంట్రోలర్‌కు ఇవ్వడం.

150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకు 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి వాడుకోదగినది 900. అది మీకు ఒక రాత్రి నిండుగా నడిచి, రెండో రాత్రికి కొంత మిగులుతుంది. రెండు రోజులు వరసగా మబ్బు పడితే టీవీ కట్టేయమని కాపలావారికి ముందే చెప్పి ఉంచండి. ఈ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. మన బోరు నీళ్ళలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఛార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక పడకగదిలో, దేవుడి దీపం దగ్గర పెట్టవద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి నీళ్ళు పోసే పని లేదు, ఎనభై శాతం వరకు వాడుకోవచ్చు, 100 ఏహెచ్‌తోనే మీ పని జరుగుతుంది. కొనేటప్పుడు ఖర్చు ఎక్కువే గాని చాలా ఎక్కువ ఏళ్ళు మన్నుతుంది. ఏ బ్యాటరీనైనా రేకుల కింద వేడిలో ఉంచవద్దు.

సొంతంగా బిగించుకునేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది తీగల దగ్గర. ఇంటి వైరింగులో మిగిలిపోయిన 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడి, బ్యాటరీకి పది మీటర్ల దూరంలో 100 వాట్ల సామాను పెట్టారనుకోండి. 12 వోల్టుల దగ్గర అది 8 ఆంపియర్లు, పోనూ రానూ తీగ పొడవు 20 మీటర్లు, దారిలోనే దాదాపు 2 వోల్టులు ఆవిరైపోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది అర వోల్టు. బ్యాటరీ ప్లస్సు దగ్గర, జానెడు దూరంలోపు, ఫ్యూజు తప్పక ఉండాలి. 12 వోల్టులు షాకు కొట్టవు గదా అని చులకన చేయవద్దు. రెండు టెర్మినళ్ళ మీద పానా అడ్డంగా పడితే వందల ఆంపియర్లు ప్రవహించి పానా ఎర్రగా కాలుతుంది, చేతికి ఉంగరం ఉంటే వేలు పోతుంది. బిగించేటప్పుడు కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ, చివర ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు మొదట ప్యానెల్ తీయాలి. చట్రానికి ఎర్తింగు ఇవ్వడం మరవకండి, తోటలో ఎత్తుగా ఉన్న ఇనుమును పిడుగు ముందు వెతుక్కుంటుంది.

బల్బులు, ఫ్యాను 12 వోల్టుల డీసీవి దొరుకుతాయి కనుక వాటిని నేరుగా బ్యాటరీ నుంచే నడిపి, ఇన్వర్టర్‌ను టీవీ చూసేటప్పుడు మాత్రమే వేసుకోవడం మేలు. ఏ సామానూ నడవకపోయినా ఇన్వర్టర్ తనకోసం కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది.

ప్రశ్న: మా డాబా మీద కేంద్ర పథకం కింద 3 కిలోవాట్ల సోలారు పెట్టించాము, సబ్సిడీ కూడా వచ్చింది. పట్టపగలు కరెంటు పోతే మాత్రం, ఎండ కాస్తున్నా, ఇంట్లో ఫ్యాను కూడా తిరగడం లేదు. బిగించినవారిని అడిగితే ఇది మామూలే అంటున్నారు. మమ్మల్ని మోసం చేశారా?
— ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: మోసం కాదమ్మా, కాని ముందుగా చెప్పకపోవడం వారి లోపం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు; దాని కింద ఎక్కువ ఇళ్ళలో పెట్టేది గ్రిడ్‌తో, అంటే వీధి లైనుతో, ముడిపడిన ఇన్వర్టర్. లైన్లో కరెంటు పోగానే అది రెండు సెకన్లలోపే ఆగిపోవాలన్నది నిబంధన. మీ ప్యానెళ్ళ కరెంటు వీధి తీగల్లోకి ఎదురు ప్రవహిస్తే, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. బిల్లు తగ్గించడం ఈ ఏర్పాటు పని. చీకటిని ఆపడం దాని పని కాదు. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే గ్రిడ్‌తోనూ, బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరుకు మారి బ్యాటరీ చేర్చాలి. అంత ఖర్చు వద్దనుకుంటే పై జవాబులో చెప్పినటువంటి చిన్న 12 వోల్టుల ఏర్పాటు ఒకటి వేరుగా పెట్టుకుని రెండు గదుల దీపాలను, ఒక ఫ్యానును దానికి అప్పగించండి.

చిన్న జనరేటరు ఉన్నవారిలో కొందరు రెండు వైపులా పిన్నులున్న తీగతో దాన్ని గోడ సాకెట్‌లోకి గుచ్చుతున్నారని విన్నాము. ఇది లైన్‌మన్‌కూ, మీ ఇంట్లోవారికీ కూడా ప్రాణాంతకం. వీధి లైనును పూర్తిగా తప్పించి ఇంటిని జనరేటరుకు మార్చే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగులోకి ఏ బయటి కరెంటునూ పంపకూడదు.

ప్రశ్న: మోటారు, బరువైన చక్రం, ఆల్టర్నేటర్ బెల్టులతో కలిపి, మొదట ఒక్కసారి కరెంటు ఇస్తే తనంతట తానే తిరుగుతూ ఇల్లంతా వెలిగించే యంత్రాన్ని వీడియోలో చూశాను. 40 వేలు పెడితే చేసి ఇస్తామంటున్నారు.
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇవ్వవద్దు. చక్రం తనలోకి ఎక్కిన శక్తిని కాసేపు దాచుకోగలదే గాని ఒక్క వాట్ కూడా కొత్తగా పుట్టించలేదు. బెల్టు, బేరింగులు, తీగచుట్లు ప్రతి మలుపులోనూ కొంత వేడిగా పోగొడతాయి కాబట్టి మోటారు తిన్నదానికంటే ఆల్టర్నేటర్ ఇచ్చేది ఎప్పుడూ తక్కువే. వీడియోలో వెలిగే బల్బు వెనుక తీగ ఎక్కడో బల్ల కింద ఉంటుంది. అయస్కాంతాలు అంటించిన ఫ్యాన్లదీ ఇదే కథ. ఆ 40 వేలతో నిజమైన ప్యానెల్, బ్యాటరీ వస్తాయి.

ప్రశ్న: కుషాయిగూడలో నాకు రేకుల షెడ్డులో పది కుట్టుమిషన్లు ఉన్నాయి. పగలు కూడా లైట్లు వేయవలసి వస్తోంది. నీళ్ళ సీసాతో బల్బులాగా వెలుగు వస్తుందంటారు, నిజమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: పగటిపూటకు సంబంధించినంత వరకు నిజమే. బ్రెజిల్‌లోని ఉబెరాబా పట్టణంలో మెకానిక్‌గా పనిచేసే అల్ఫ్రెడో మోజర్ 2002లో, కరెంటు కోతల కాలంలో, ఈ ఉపాయం కనిపెట్టారు. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఒక స్వచ్ఛంద ఉద్యమం దాన్ని పేదల ఇళ్ళకు పెద్దఎత్తున చేర్చింది. రేకుకు ఉత్త కన్నం పెడితే ఎండ ఒక్క చోటే గుండ్రని మచ్చగా పడుతుంది; కన్నంలో నీళ్ళు నిండిన సీసా ఉంటే ఆ కిరణాలు నీటిలో వంగి, సీసా చుట్టూ అన్ని వైపులకూ చెదురుతాయి. మంచి ఎండలో పాతకాలపు 40 నుంచి 60 వాట్ల బల్బు ఇచ్చేంత వెలుగు వస్తుంది.

2 లీటర్ల పారదర్శకమైన కూల్‌డ్రింకు సీసా తీసుకుని, వడకట్టిన నీళ్ళు నింపి, పాచి పట్టకుండా రెండు మూతల బ్లీచింగు ద్రవం కలపండి. మూడో వంతు బయటికి, మిగిలింది లోపలికి ఉండేలా, ముందుగా ఒక చిన్న రేకుముక్కకు బిగించి, ఆ ముక్కను కప్పు మీద రివెట్లతో కూర్చండి. కష్టమంతా వానాకాలానికి తట్టుకునే అతుకులోనే ఉంది. సిమెంటు, ఎంసీల్ వంటివి రేకు వేడికి సాగి కుంచించుకుపోయేటప్పుడు చిట్లుతాయి; సాగే గుణమున్న సిలికాన్ సీలెంటే వాడాలి, అది కూడా రేకు మీది తుప్పు, దుమ్ము పూర్తిగా గీకిన తరువాత. సూది పక్కన నీడ పడకుండా రెండు మిషన్లకు ఒక సీసా చొప్పున వరుస తప్పించి అమర్చండి. కొన్నేళ్ళకు ఎండ దెబ్బకు ప్లాస్టిక్కు మసకబారి పెళుసవుతుంది, అప్పుడు సీసా మార్చాలి. పాత షెడ్డు కప్పు సిమెంటు ఆస్బెస్టాస్‌ది అయితే మాత్రం ఈ పని వద్దు. దాన్ని కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

ప్రశ్న: చలికాలంలో నలుగురికీ స్నానానికి వేడినీళ్ళు కావాలి. ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. దానికి సోలారు ప్యానెల్ కలిపి ఇమ్మర్షన్ రాడ్ వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కుదరదు. 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి దాదాపు అర యూనిటు, అంటే 465 వాట్-అవర్లు కావాలి. బ్యాటరీలో వాడుకోదగినది 900 అని పైన చూశాము. ఇన్వర్టర్‌లో పోయేది పోగా రెండు బకెట్లు కూడా పూర్తికావు, ఆ రాత్రికి ఫ్యానూ ఉండదు. పైగా 1500 వాట్ల రాడ్‌ను ఇంటి ఇన్వర్టర్లలో చాలావరకు మోయలేవు.

ఎండతో నీళ్ళు కాచుకోవడానికి కరెంటు మధ్యవర్తిత్వం అక్కరలేదు. ప్యానెల్ తన మీద పడిన ఎండలో అయిదో వంతును మాత్రమే కరెంటుగా మారుస్తుంది. నల్లరంగు పూసిన రేకు అదే ఎండను అంతకు రెండింతలకు పైగా వేడిగా నీళ్ళకు అందించగలదు. తక్కువ ఖర్చులో కావాలంటే, 20 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న నల్ల పాలిథీన్ పైపు 100 మీటర్లను చుట్టగా చుట్టి మిద్దె మీద పరచండి. అందులో 31 లీటర్లు పడతాయి. కింద థర్మాకోలు, పైన గాజుపలక ఉన్న పెట్టెలో ఉంచితే మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు చేయి పెట్టలేనంతగా కాగుతాయి. ఇబ్బంది ఒకటే. రాత్రికి చల్లారిపోతాయి కనుక సాయంత్రం స్నానం చేసేవారికే ఇది అనువు.

పొద్దుటికి కావాలంటే ట్యాంకు ఉండాలి. నల్లరంగు పూసిన రాగి గొట్టాల పలక రెండు చదరపు మీటర్లది, దాని పై అంచుకంటే కనీసం అడుగు ఎత్తున చుట్టూ దూదిపరుపులా రాక్‌వూల్ (వేడిని బయటికి పోనివ్వని రాతినార) కప్పిన 100 లీటర్ల ట్యాంకు పెడితే వేడెక్కిన నీరు తేలికై తనంతట పైకి పోతుంది, చల్లనిది కిందికి దిగుతుంది, పంపు అక్కరలేదు. గొట్టం దారిలో ఎక్కడా కిందికి దిగి మళ్ళీ ఎక్కకూడదు, ఆ మలుపులో గాలిబుడగ నిలిస్తే ప్రవాహం ఆగిపోతుంది. బోరు నీళ్ళు వాడితే ఏడాది రెండేళ్ళలో గొట్టాలలో తెల్లటి సున్నపు పేట్లు కడతాయి. మంజీర, కృష్ణా నీళ్ళు వచ్చే కాలనీవారికి ఆ బాధ తక్కువ.

ప్రశ్న: మా నాయనమ్మ రంపపు పొట్టు పొయ్యి మీద నీళ్ళు కాచేది. మళ్ళీ అలాంటిది చేసుకోవాలని ఉంది. చలికాలంలో అదే పొయ్యితో గది కూడా వెచ్చబెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, శాలిబండ

జవాబు: పొయ్యి చేసుకోండి. గదిలో మాత్రం పెట్టవద్దు. పాత పెయింటు డబ్బా ఒకటి తీసుకుని అడుగు పక్కన మూడంగుళాల కన్నం పెట్టాలి. డబ్బా మధ్యలో నిలువుగా ఒక సీసా, పక్క కన్నంలోంచి దాని అడుగును తాకేలా మరో గుండ్రటి కర్ర ఉంచి, చుట్టూ బాగా ఎండిన పొట్టును గట్టిగా కూరి, తరువాత రెండింటినీ తిప్పుతూ మెల్లగా బయటికి లాగాలి. పక్క కన్నంలో చిన్న పుల్ల వెలిగిస్తే గాలి కింద నుంచి దూరి, మధ్య గొట్టం గోడలు లోపలి నుంచి బయటికి తీరుబడిగా కాలుతాయి. మధ్యలో ఎగదోయకుండానే గంటల తరబడి మంట నిలుస్తుంది. పొట్టు వదులుగా ఉంటే మధ్యలో కూలి పొగ కమ్ముతుంది, తడిగా ఉంటే అసలు అంటుకోదు. సా మిల్లుల దగ్గర పొట్టు ఇప్పటికీ చవకే. ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, దానిలోని జిగురు కాలి విషవాయువులు వస్తాయి.

ఇలా నిదానంగా కాలే పొయ్యి, బొగ్గుల కుంపటి రెండూ కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ తగ్గి నిప్పులు ఎర్రబడ్డాక కూడా వస్తూనే ఉంటుంది. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది కాబట్టి నిద్రలో ఉన్న మనిషి మేలుకోకుండానే ప్రాణం విడుస్తాడు. కిటికీ కాస్త తెరిచి ఉంచాము గదా అన్నది రక్షణ కాదు. హైదరాబాదు చలికి మందపు దుప్పటి, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి చాలును.

ప్రశ్న: అట్టపెట్టెతో సోలారు కుక్కర్ చేశాను. నీళ్ళు వేడెక్కుతున్నాయి గాని అన్నం ఉడకడం లేదు.
— ఒక విద్యార్థిని, వనస్థలిపురం

జవాబు: మీ పెట్టె ఫోటో చూశాము. పైన వేసినది పలుచని ప్లాస్టిక్కు కవరు, లోపల ఉన్నది మెరిసే స్టీలు గిన్నె, రెండూ మార్చాలి. పద్దెనిమిదో శతాబ్దంలోనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త సోసూర్ గాజుపలకలు మూసిన పెట్టెలో ఎండను బంధించి నీరు మరిగే వేడిని దాటించాడు. వెలుతురు గాజును దాటి లోపలికి వస్తుంది, నల్లని గిన్నె దాన్ని వేడిగా మారుస్తుంది, ఆ వేడిని గాజు తిరిగి బయటికి సులువుగా పోనివ్వదు. కాబట్టి గాజుపలక, అంచుల్లో గాలి దూరకుండా గుడ్డ పట్టీ, మసి పూసినట్లు మెరుపులేని నలుపున్న మూతగిన్నె, రెండు పెట్టెల మధ్య నాలుగు వేళ్ళ మందం ఊక లేదా చించిన కాగితాలు ఉండాలి. మూతకు అంటించిన వెండిరేకు అద్దం ఎండను లోపలికి మళ్ళించేలా ప్రతి అరగంటకు పెట్టెను తిప్పండి. బియ్యం, కందిపప్పు ముందే నానబెట్టి పదింటికి పెడితే పన్నెండున్నరకు ఉడుకుతాయి. తాలింపు మాత్రం పొయ్యి మీదనే, పెట్టెలో నూనె కాగదు.

ఎండతో వంటను పెద్దఎత్తున తలపెట్టిన చోటు తిరుమల. 2002లో అక్కడ ఎండను పళ్ళేలవంటి పెద్ద అద్దాలతో కేంద్రీకరించి ఆవిరి పుట్టించి, సుమారు 15,000 మందికి వండే ఏర్పాటు నెలకొల్పారు.

ప్రశ్న: వంటింటి చెత్తతో మిద్దె మీద గోబర్‌గ్యాసులాంటిది పెట్టుకుంటే సిలిండరు మానేయవచ్చా?
— ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: మానేయలేరు, కొంత తగ్గించుకోగలరు. ఒక ఘనమీటరు బయోగ్యాసు 0.45 కిలోల వంటగ్యాసుకు సమానం. అంత రావాలంటే రోజుకు 25 కిలోల పేడ కావాలి, అంటే రెండు మూడు పశువులు. అలా ఉన్న ఇంట్లో నెలకు దాదాపు ఒక 14.2 కిలోల సిలిండరు మిగులుతుంది. వంటింటి చెత్త పేడకంటే కిలోకు ఎక్కువ గ్యాసు ఇస్తుంది. పేడలో మిగిలింది పశువు అరిగించుకోలేనిదే గదా. గ్రామీణ సాంకేతికత మీద పనిచేసే పుణెలోని ఆర్తి సంస్థ ఇలాంటి ఇంటి ప్లాంటును రూపొందించి, పర్యావరణహిత ఇంధనాలకు బ్రిటన్‌లో ఇచ్చే ఆష్డెన్ పురస్కారాన్ని 2006లో అందుకుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు వచ్చే రెండు కిలోలలోపు చెత్తతో మీకు అరగంట, మహా అయితే ముప్పావు గంట మంట దక్కుతుంది.

మొదలుపెట్టేటప్పుడు పేడనీళ్ళతో నింపి, మంట అంటుకునే వాయువు వచ్చేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. తరువాత అన్నం, గంజి, కూరగాయల తొక్కలను చిదిమి కొద్దికొద్దిగా వేయాలి. నిమ్మతొక్కలు, ఊరగాయ, చింతపండు పిప్పి వేస్తే పులుపు పెరిగి లోపలి సూక్ష్మజీవులు చస్తాయి, గ్యాసు ఆగిపోతుంది. చలికాలంలో ఎలాగూ తగ్గుతుంది. వేయి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను దాటుతుంది కాబట్టి మిద్దె మధ్యన కాకుండా దూలాలు, స్తంభాలు ఉన్న చోట పెట్టాలి. ముందుగా ఇంజినీరును అడగండి. వచ్చిన వాయువును ట్యూబుల్లోకి, పాత సిలిండర్లలోకి ఎక్కించే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు.

ఈ పద్ధతి నిజంగా రాణించేది చెత్త టన్నుల్లో దొరికే చోట. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో పెట్టిన ప్లాంటును రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల బయోగ్యాసు ఇచ్చేలా నిర్మించారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు.

ప్రశ్న: పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి అందులోని గుండ్రని సెల్లులతో పవర్‌బ్యాంకు చేసుకోవాలనుకుంటున్నాను. హాస్టల్ గదిలో చేయవచ్చా? అలాగే సైకిలు తొక్కి ఫోను ఛార్జి చేసుకోవడం సాధ్యమా?
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మొదటిది హాస్టల్ గదిలో వద్దే వద్దు. ఆ సెల్లులు 4.2 వోల్టులు దాటితే వేడెక్కి మండుతాయి, 2.5 వోల్టుల కంటే కిందికి పడినవాటిని మళ్ళీ ఛార్జి చేయడమూ ప్రమాదమే. పాతవాటిలో ఒక్కొక్కదాని సత్తువ ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి కలిపి కట్టినప్పుడు బలహీనమైనదే ముందు చెడి మిగిలినవాటిని లాగుతుంది. లిథియం మంటకంటే దాని పొగ ప్రమాదం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచినప్పుడు, పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. రక్షణ సర్క్యూటుతో కొత్తగా వచ్చే చిన్న ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనుక్కోండి.

సైకిలు సంగతికొస్తే, ఆరోగ్యవంతుడైన మనిషి నిలకడగా 75 నుంచి 100 వాట్లు తొక్కగలడు. గంట చెమటోడిస్తే యూనిటులో పదో వంతు కూడా రాదు. ఫోనుకు అది చాలు, రాత్రంతా తిరిగే ఫ్యానుకు చాలదు.

ప్రశ్న: నార్సింగిలో మా ఫ్లాటు పద్నాలుగో అంతస్తులో ఉంది, గాలి బాగా వీస్తుంది. బాల్కనీలో చిన్న గాలిమర పెట్టుకోవచ్చా? ఇంకో మాట, ఈ సామాన్లన్నీ నగరంలో ఎక్కడ దొరుకుతాయి?
— ఒక పాఠకుడు

జవాబు: గాలి శక్తి దాని వేగపు ఘనంతో పెరుగుతుంది, వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనుకు 3 మీటర్ల గాలికి మీటరు వ్యాసమున్న మర నుంచి వచ్చేది మూడు నాలుగు వాట్లు. పైగా గోడలకు కొట్టుకుని సుళ్ళు తిరిగే గాలి మరను తిప్పేకంటే ఎక్కువగా వణికిస్తుంది. బాల్కనీ దక్షిణానికి ఉంటే అదే జాగాలో ఒక ప్యానెల్ తగిలించుకోండి.

సామాన్ల విషయానికొస్తే, కోఠిలోని గుజరాతీ గల్లీ, దాని చుట్టుపక్కల సందుల్లో కంట్రోలర్లు, ఎల్‌ఈడీలు, మీటర్లు దొరుకుతాయి. తీగలు, స్విచ్చులు, చేంజోవర్‌లకు ట్రూప్‌బజార్; మోటార్లు, పంపులు, ఇనుప సామానుకు రాణిగంజ్. తీసేసిన పాత ప్యానెళ్ళు కూడా అక్కడక్కడ చవకగా అమ్ముతున్నారు. అవి కొనేటప్పుడు మీ వెంట మల్టీమీటరు తీసుకువెళ్ళండి. 36 గడుల ప్యానెల్ చెడిపోయినా ఎండలో 20 వోల్టులు చూపించగలదు కాబట్టి దుకాణదారు చూపే వోల్టేజీని నమ్మకుండా, మధ్యాహ్నపు ఎండలో సూర్యుడికి నేరుగా ఎదురుగా పెట్టించి షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ రెండు కొసలను మీటరు ద్వారా కలిపినప్పుడు పారే ఆంపియర్లు) కొలవండి. వెనుక చీటీ మీద రాసిన ఆంపియర్లలో ఎనభై శాతానికి తగ్గితే, ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.